వీడియో ఫోన్‌లో ప్లే కావట్లేదా? ఫైల్ పేరు కాదు, లోపలి సరుకు చూడండి

పెళ్లయిన కొన్నాళ్లకి స్టూడియో వాళ్లు పెన్‌డ్రైవ్ చేతిలో పెడతారు. ఇంటికి తెచ్చి ఓటీజీ అడాప్టర్‌తో ఫోన్‌కి తగిలిస్తే పెళ్లికొడుకు కొత్త ఫోన్‌లో బ్రహ్మాండంగా వస్తుంది. వాళ్ల నాన్న పాత ఫోన్‌లో మంగళవాద్యాలు వినిపిస్తాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. బావ ఐఫోన్‌లో ఫైలే తెరుచుకోదు. ఉప్పల్ నుంచి స్టూడియోకి ఫోన్ వెళ్తుంది: "అన్నా, బొమ్మ వస్తలేదు, సౌండ్ ఒక్కటే వస్తుంది." అటు నుంచి జవాబు: "ఎంపీ4లనే ఇచ్చినం కదా, మీ ఫోన్లనే ఏదో ప్రాబ్లం ఉంది."

ఇద్దరి మాటా నిజమే. ఎంపీ4 అనేది డబ్బా పేరు. అందులో ఏం పోశారో ఆ పేరు చెప్పదు. హార్లిక్స్ సీసాలో కందిపప్పు పోసుకోవడం మన వంటింట్లో మామూలే కదా, ఇదీ అంతే. మూత తీసి చూస్తే మూడు సంగతులు కనిపిస్తాయి: డబ్బా ఏది, బొమ్మను ఏ పద్ధతిలో కుదించారు, సౌండ్‌ను ఏ పద్ధతిలో కుదించారు. కుదించే పద్ధతినే కొడెక్ అంటాం. ఫోన్‌కి ఈ మూడూ తెలిసి ఉంటేనే వీడియో సాఫీగా నడుస్తుంది. ఒక్కటి తెలియకపోయినా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి తప్పు ఏ పొరలో ఉందో చాలావరకు పట్టేయొచ్చు.

లక్షణాన్ని బట్టి జబ్బు

సౌండ్ వచ్చి బొమ్మ రాకపోతే తప్పు బొమ్మ కొడెక్‌ది. హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది, ఈ రోజు చేతిలో ఉన్న దాదాపు ప్రతి ఫోనూ దాన్ని చదువుతుంది. 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, అదే నాణ్యతను సుమారు సగం సైజులో ఇస్తుంది. అందుకే 4కే పెళ్లి వీడియోలు ఇందులో ఇస్తారు. ఆండ్రాయిడ్ 5 నుంచీ, ఐఫోన్లలో 2017 నాటి ఐఓఎస్ 11 నుంచీ దీనికి మద్దతు ఉంది. కానీ "మద్దతు ఉంది" అన్న మాటను పూర్తిగా నమ్మకండి. 1080పీ హెచ్‌ఈవీసీని సునాయాసంగా చదివే చౌక ఫోన్ చిప్, 4కే వచ్చేసరికి చేతులెత్తేయొచ్చు. 8 బిట్ (రంగు ఛాయలు ఎన్నో చెప్పే కొలత) చదివేది 10 బిట్ దగ్గర ఆగిపోవచ్చు.

ఎక్కువమంది పడే గొయ్యి ఒకటుంది. "రా ఫుటేజ్ కూడా కావాలి" అని అడిగి, ఎడిట్ చేయని ఫైళ్లు తెచ్చుకుంటారు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి 10 బిట్ 4:2:2లో తీసే సౌకర్యం ఉంది. అందులో రంగుల సమాచారం మామూలు వీడియోకి రెట్టింపు ఉంటుంది. ఎడిటింగ్‌లో రంగులు దిద్దడానికి అది బంగారం. ఫోన్లలోని డీకోడర్ చిప్‌లు చాలావరకు మామూలు వీడియో పద్ధతి అయిన 4:2:0కే కట్టినవి కాబట్టి ఫోన్‌లో చూడటానికి మాత్రం పనికిరాదు. అలాంటి ఫైల్ ఫోన్‌లో నల్ల తెర చూపిస్తే ఫైల్ పాడైందని కంగారు పడక్కర్లేదు.

బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే సౌండ్ కొడెక్ చూడాలి. ఏఏసీ అయితే అన్ని ఫోన్లలోనూ వస్తుంది. డాల్బీ ఏసీ3, ఈఏసీ3, డీటీఎస్ వంటి వాటికి లైసెన్స్ కట్టాలి కాబట్టి చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సొంత ప్లేయర్లలో అవి ఉండవు. కెమెరా నుంచి నేరుగా తీసిన ఎంపీ4లో సౌండ్ అసలు కుదించకుండా పీసీఎంగా ఉండొచ్చు, కొన్ని ఫోన్లు దాన్ని కూడా వదిలేస్తాయి.

రెండూ వచ్చి బొమ్మ ఎగిరెగిరి పడుతుంటే, ఫోన్ వెనక వైపు వేడెక్కుతుంటే, డీకోడర్ చిప్ చేయాల్సిన పని ప్రాసెసర్ మీద పడిందని అర్థం. ప్లేయర్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఆన్‌లోనే ఉన్నా ఇలాగే ఉంటే ఆ ఫోన్‌కి ఆ ఫైల్ బరువెక్కువ. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా చూస్తున్నప్పుడు మాత్రం ముందు ఫైల్‌ని ఫోన్‌లోకి కాపీ చేసి చూడండి. నాసిరకం ఓటీజీ, నెమ్మది పెన్‌డ్రైవ్ కూడా ఇదే లక్షణం చూపిస్తాయి.

ఏమీ రాకుండా "ఈ వీడియో ప్లే కాదు" అని మాత్రమే వస్తే రెండు అనుమానాలు. ఒకటి, డబ్బానే తెలియదు. ఎంకేవీ అనే మరో రకం డబ్బాని ఐఫోన్ ఫొటోస్ యాప్ తీసుకోదు. రెండోది, ఫైల్ సగంలో తెగింది. ఎంపీ4లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే విషయసూచిక ఒకటి ఉంటుంది, దాని పేరు మూవ్. చాలా కెమెరాలు రికార్డింగ్ ఆపాకే దాన్ని చివర్లో రాస్తాయి. మధ్యలో బ్యాటరీ పోయినా, కాపీ పూర్తికాకుండా పెన్‌డ్రైవ్ లాగేసినా 10 జీబీ సరుకు ఉండి కూడా విషయసూచిక లేని పుస్తకంలా మిగులుతుంది. కాపీలో తెగితే మళ్లీ కాపీ చేస్తే సరి. రికార్డింగ్‌లోనే తెగితే అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌తో తీసిన మంచి ఫైల్‌ని నమూనాగా ఇచ్చి అన్‌ట్రంక్ అనే ఉచిత సాధనంతో సూచికను మళ్లీ కట్టించవచ్చు. కాబట్టి పాడైన ఫైల్‌ని తొందరపడి డిలీట్ చేయకండి.

ఐఫోన్ విషయంలో ఒక చిత్రమైన కేసు ఉంది. డబ్బా ఎంపీ4, బొమ్మ హెచ్‌ఈవీసీ, సౌండ్ ఏఏసీ, అన్నీ సక్రమం. అయినా ఫొటోస్‌లో రాదు. డబ్బా మీద హెచ్‌ఈవీసీకి రాసే చీటీ రెండు రకాలు: హెచ్‌వీసీ1, హెచ్‌ఈవీ1. ఆపిల్ మొదటిదాన్నే ఒప్పుకుంటుంది. లోపలి వీడియోలో ఏ తప్పూ లేదు, చీటీదే పేచీ. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ ఈ చీటీలను పట్టించుకోదు కాబట్టి అందులో వస్తుంది. శాశ్వతంగా సరిచేయాలంటే వీడియోని మళ్లీ కుదించక్కర్లేదు, చీటీ మార్చి డబ్బా కొత్తగా కట్టమని స్టూడియో ఎడిటర్‌ని అడగండి, కాసేపట్లో అయిపోయే పని.

మూత తీసి చూడటం

మీడియాఇన్‌ఫో అనే ఉచిత యాప్ ఆండ్రాయిడ్‌లోనూ కంప్యూటర్‌లోనూ దొరుకుతుంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ఉంటే వీడియో నడుస్తుండగా కంట్రోల్, జే కలిపి నొక్కినా చాలు. బోలెడు వరుసలు కనిపిస్తాయి, అన్నీ చదవక్కర్లేదు. బొమ్మ భాగంలో ఫార్మాట్ (ఏవీసీ అని ఉంటే అది హెచ్.264), వెడల్పు ఎత్తులు, బిట్ డెప్త్, క్రోమా సబ్‌శాంప్లింగ్ (4:2:0 లాంటి అంకెలు), బిట్‌రేట్ (సెకనుకి ఎన్ని బిట్లు). సౌండ్ భాగంలో ఫార్మాట్ ఒక్కటి. ఆ తెర స్క్రీన్‌షాట్ తీసి పంపితే స్టూడియో వాళ్లతో వాదన సగం తగ్గుతుంది.

హెచ్.264, 8 బిట్, 4:2:0, 1080పీ, ఏఏసీ, ఎంపీ4. ఈ ఆరు మాటలూ కలిసిన ఫైల్ అమ్మమ్మ ఫోన్‌లోనూ నడుస్తుంది. పెళ్లి వీడియో ఆర్డర్ ఇచ్చే రోజే "4కే మాస్టర్ ఒకటి, ఫోన్లకి ఈ కాపీ ఒకటి" అని రాయించుకోండి. ఎడిటింగ్ అయిపోయాక అడిగితే పని పెరుగుతుంది, ముందే అడిగితే ఎక్స్‌పోర్ట్ మెనూలో ఇంకొక్క వరుస.

సరిచేయడం: తక్కువ పని నుంచి ఎక్కువ పనికి

మొదటి మెట్టు ప్లేయర్ మార్చడం. ఫోన్ గ్యాలరీ యాప్ చిప్‌కి తెలిసిందే చూపిస్తుంది. వీఎల్‌సీ తన కొడెక్‌లు తనతో తెచ్చుకుంటుంది, ఏసీ3, డీటీఎస్ రెండూ అందులో వినిపిస్తాయి. ఎంఎక్స్ ప్లేయర్‌లో లైసెన్స్ కారణంగా వాటిని తీసేశారు, ప్రత్యేక కొడెక్ ఫైల్ విడిగా దించుకుని కలపాలి. సౌండ్ రాని సమస్యలు చాలావరకు ఈ మెట్టు మీదే తీరిపోతాయి.

రెండో మెట్టు డబ్బా మార్చడం. బొమ్మ సరే, డబ్బానో సౌండో మాత్రమే తేడా అయితే బొమ్మను ముట్టుకోకండి. అవిడీమక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి, వీడియో అవుట్‌పుట్ దగ్గర కాపీ, ఆడియో దగ్గర ఏఏసీ, అవుట్‌పుట్ ఫార్మాట్ దగ్గర ఎంపీ4 మక్సర్ ఎంచుకుని సేవ్ చేయండి. బొమ్మలో ఒక్క చుక్క కూడా మారదు, పని త్వరగా అయిపోతుంది. ఈ చిన్న పనికి ఆన్‌లైన్ కన్వర్టర్లలో ఇంటి వీడియో అప్‌లోడ్ చేసేవాళ్లున్నారు. డేటా దండగ, పైగా మన ఇంటి శుభకార్యం ఎవరి సర్వర్‌లోనో పడి ఉంటుంది.

మూడో మెట్టు మళ్లీ కుదించడం. దీనికి హ్యాండ్‌బ్రేక్ మంచిది, ఉచితం. ఫైల్ తెరిచి ప్రీసెట్‌లో ఫాస్ట్ 1080పీ30 ఎంచుకోండి. సమ్మరీలో ఎంపీ4, వెబ్ ఆప్టిమైజ్డ్ టిక్ పెట్టండి. ఇందాకటి విషయసూచికను ఫైల్ మొదట్లోకి తెచ్చేది ఆ టిక్కే. వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ పేరు చివర 10 బిట్ అని లేని హెచ్.264 ఎంచుకోండి. ఫ్రేమ్‌రేట్ 'సేమ్ యాజ్ సోర్స్', కాన్‌స్టంట్ క్వాలిటీ 22. ఈ అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది, ఆరు తగ్గిస్తే సైజు సుమారు రెట్టింపవుతుంది. ఆడియోలో ఏఏసీ, స్టీరియో, 160. వెంటనే స్టార్ట్ నొక్కకండి. రేంజ్‌లో సెకన్లు ఎంచుకుని 600 నుంచి 720 వరకు, అంటే రెండు నిమిషాల ముక్క ఒక్కటే చేసి, ఇంట్లో అన్నిటికంటే పాత ఫోన్‌లో చూడండి. తలంబ్రాలు పోసుకునే ముక్క దొరికితే ఇంకా మంచిది. గింజ గింజా వేరుగా కదిలే అలాంటి దృశ్యం కుదించడానికి అతి కష్టం. అది చదరాలు చదరాలుగా పగలకుండా వస్తే మిగతాదంతా వస్తుంది. ఆ తర్వాత మొత్తం ఫైల్‌ని రాత్రి పెట్టి పడుకోండి, పాత ల్యాప్‌టాప్‌లో 4కే అయితే తెల్లారినా అవ్వకపోవచ్చు.

సైజు ముందే లెక్కేసుకోవచ్చు. బిట్‌రేట్‌ని సెకన్లతో గుణించి ఎనిమిదితో భాగించడమే. మూడు గంటలంటే 10,800 సెకన్లు. 20 ఎంబీపీఎస్ మాస్టర్ 27 జీబీ అవుతుంది, 4 ఎంబీపీఎస్ ఫోన్ కాపీ 5.4 జీబీ. ఇక్కడ ఇంకో చిక్కు. 32 జీబీ వరకు పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో వస్తాయి, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఎంత ఖాళీ ఉన్నా "స్థలం లేదు" అనో, "ఫైల్ పెద్దది" అనో అంటుంది. పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేస్తే ఆ హద్దు పోతుంది కానీ పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ని చదవవు. టీవీలో కూడా చూడాలంటే వీడియోని గంటన్నర చొప్పున రెండు ముక్కలు చేయడం మేలు, ఒక్కోటి 2.7 జీబీ. కోఠి గుజరాతీ గల్లీలోనో అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లోనో ఎక్కడ కొన్నా సరే, కొత్త పెన్‌డ్రైవ్‌ని హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాధనంతో ఒకసారి నిండా రాయించి చూశాకే పెళ్లి వీడియో పెట్టండి. 64 జీబీ అని పేరు రాసుకుని అంత పట్టని నకిలీలు లోకంలో కొదవలేదు. అవి మొదటి కొన్ని జీబీల వరకు బుద్ధిగానే రాస్తాయి, ఆ తర్వాత రాసిందంతా గాల్లో కలుస్తుంది.

పాత సీడీలు

అమ్మానాన్నల పెళ్లి వీసీడీలో ఉంటే లోపల డాట్ (డీఏటీ) ఫైళ్లుంటాయి. అది 352×288 ఎంపెగ్1, వీఎల్‌సీలో నేరుగా నడుస్తుంది. డీవీడీ అయితే 1 జీబీ చొప్పున తెగిన వీఓబీ ఫైళ్లు. వాటిని ఒక్కోటి కాకుండా వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని హ్యాండ్‌బ్రేక్‌లో తెరవాలి. చెయ్యి ఊపినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే అది పాత టీవీల కోసం సరి వరుస, బేసి వరుస విడివిడిగా తీసిన ఇంటర్లేస్డ్ వీడియో. ఫిల్టర్స్‌లో డీకోంబ్ ఆన్ చేస్తే పోతుంది. సైజు పెంచి 1080పీ చేసినంత మాత్రాన లేని స్పష్టత రాదు.

తెలుగు సబ్‌టైటిల్స్

సబ్‌టైటిల్స్ ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైల్ పేరు వీడియో పేరుతో అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉండాలి, పక్కనే ఉండాలి. తెలుగు బదులు వింత గుర్తులు వస్తే ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ తెలుగు సరిగ్గా ఉంటే 'సేవ్ యాజ్'లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 ఎంచుకుంటే సరిపోతుంది. అక్కడా ఇంగ్లిష్ అక్షరాల గందరగోళమే ఉంటే అది అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ అయ్యుంటుంది. డీటీపీ సెంటర్లలో పెళ్లిపత్రికలు కొట్టే పద్ధతి అది. తెలుగు ఆ ఫాంట్ వేసుకున్న కంటికే కనిపిస్తుంది, ఫైల్‌లో ఉండేవి వేరే అక్షరాలు. యూనికోడ్‌లోకి మార్చి తెచ్చుకోవాల్సిందే. అక్షరాలు వచ్చి వత్తులు పక్కకి విడిపోతే తప్పు ప్లేయర్‌ది, ఇంకో ప్లేయర్ చూడండి.

మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను మాటకీ రాతకీ దూరం పెరిగితే, 23.976 ఫ్రేముల సినిమాకి 25 ఫ్రేముల సబ్‌టైటిల్ తగిలించారన్నమాట. గంటకి దాదాపు రెండున్నర నిమిషాల తేడా వస్తుంది. ముందుకీ వెనక్కీ జరిపితే కుదరదు, ఫ్రేమ్‌రేట్ మార్చే సబ్‌టైటిల్ ఎడిటర్‌లోనే సాగదీయాలి.

నెట్‌లో చూసేటప్పుడు

స్ట్రీమింగ్‌లో వీడియో ఒకే ఫైల్‌గా రాదు. 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో ప్రమాణమైన డ్యాష్ రెండిటి పనీ ఒకటే. వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ నాలుగైదు నాణ్యతల్లో సర్వర్‌లో పెడతారు. నెట్ వేగాన్ని బట్టి ఫోనే ఏ ముక్క కావాలో అడుగుతుంది. హైదరాబాద్ మెట్రో మొదటి దశ అంతా పిల్లర్ల మీదే కాబట్టి సొరంగంలోలా సిగ్నల్ పూర్తిగా పోదు. కానీ మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా 29 కిలోమీటర్లలో ఫోన్ ఎన్నో టవర్లు మారుతుంది, బొమ్మ మసకబారి మళ్లీ తేటపడేది అందుకే. యాప్‌లో నాణ్యతను 480పీకి బిగిస్తే ఆ ఊగులాట తగ్గుతుంది, ఇంట్లో వైఫైలో డౌన్‌లోడ్ చేసుకుంటే అసలు గొడవే లేదు.

డేటా లెక్కకి ఒక్క అంకె గుర్తుంటే చాలు: 1 ఎంబీపీఎస్‌తో గంట చూస్తే 450 ఎంబీ. 720పీ సుమారు 2.5 ఎంబీపీఎస్ అనుకుంటే రెండున్నర గంటల సినిమాకి 2.8 జీబీ. రోజుకి 2 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకి క్లైమాక్స్ ముందే ఖర్చయిపోతుంది, ఆ తర్వాత వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోయే ప్యాక్ అయితే పాటకైనా సరిపోదు. అదే 480పీలో 1 ఎంబీపీఎస్‌తో చూస్తే 1.1 జీబీలో సినిమా అయిపోతుంది. ఆరంగుళాల తెర మీద తేడా వెతికితే తప్ప కనిపించదు.

ఫుల్ హెచ్‌డీ తెర, ఫుల్ హెచ్‌డీ ప్లాన్ ఉండి కూడా నెట్‌ఫ్లిక్స్ మసగ్గానే ఉంటే వైడ్‌వైన్ (వీడియోని ఎవరూ కాపీ చేయకుండా వేసే తాళం) స్థాయి చూడండి. యాప్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్‌లో ఉంటుంది. ఎల్1 ఉంటే తాళం తీసే పని చిప్‌లోని భద్రమైన భాగంలో జరుగుతుంది, హెచ్‌డీ ఇస్తారు. ఎల్3 అయితే ఎస్‌డీతో సరి. కొనేముందు షాపులోనే డీఆర్‌ఎం ఇన్‌ఫో అనే యాప్ వేసి చూడొచ్చు. చాలా ఫోన్లలో బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌ని లోడ్ చేసే భాగం) అన్‌లాక్ చేస్తే ఎల్1 కాస్తా ఎల్3కి దిగుతుంది. ఏ ప్లేయర్ మార్చినా లాభం ఉండదు.

యూట్యూబ్‌లో ఫోన్ వేడెక్కుతుంటే సెట్టింగ్స్‌లో స్టాట్స్ ఫర్ నెర్డ్స్ ఆన్ చేసి కొడెక్ వరుస చూడండి. ఏవీ01 అని ఉంటే అది 2018లో వచ్చిన ఏవీ1. చిప్‌లో దానికి డీకోడర్ లేని ఫోన్‌లో ప్రాసెసరే మోస్తుంది. ఐఫోన్లలో కూడా 2023 నాటి 15 ప్రోతోనే ఆ డీకోడర్ వచ్చింది. నాణ్యత ఒక మెట్టు దించితే వేడి తగ్గుతుంది.

ఇక పెళ్లి లైవ్. ఫంక్షన్ హాల్లో రెండొందల మంది రీల్స్ అప్‌లోడ్ చేస్తుండగా అదే టవర్ మీద 1080పీ పంపాలనుకోవడం పేరాశ. 720పీ, 30 ఫ్రేములు, 2.5 ఎంబీపీఎస్, కీఫ్రేమ్ (బొమ్మ మొత్తం ఉండే ఫ్రేమ్) రెండు సెకన్లకొకటి పెట్టండి. అప్‌లోడ్ వేగం దానికి రెట్టింపైనా ఉండాలి. ముందురోజు ఖాళీ హాల్లో కాదు, జనం ఉన్నప్పుడు కొలవాలి. హాల్ వాళ్ల వైఫై కన్నా కేబుల్ నయం. డల్లాస్ నుంచి పిన్ని "ఏరా, ఇంకా తాళి కట్టలేదా?" అని కాల్ చేస్తే కంగారు పడకండి. ఆరు సెకన్ల ముక్కలు మూడు పోగయ్యాకే ఫోన్ చూపించడం మొదలుపెడితే అక్కడికే 18 సెకన్లు, దారిలో మరికొన్ని. ఇక్కడ అక్షింతలు పడ్డాక అరనిమిషానికి అక్కడ పడతాయి.